కునుక్కి కాపలా ఎవరు?

ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుల డ్యూటీకి మన దగ్గర ఓ పాత లెక్క ఉంది. పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 2 దాకా ఒకటి, 2 నుంచి రాత్రి 8 దాకా ఇంకొకటి, రాత్రి 8 నుంచి తెల్లారి 8 దాకా మూడోది. పగటి డ్యూటీలు ఆరేసి గంటలైతే రాత్రిది పన్నెండు. రాత్రిపూట పని పల్చగా ఉంటుందన్న నమ్మకం మీద నిలబడ్డ లెక్క అది.

ఆ నమ్మకం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వంటి పాలమూరు ఊళ్లలో ఎంతవరకు చెల్లుతుందో రాత్రి క్యాజువాలిటీ ముందు కాసేపు నిలబడితే తెలిసిపోతుంది. 44వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతం మీదుగానే పోతుంది, దాని మీద లారీలు రాత్రిళ్లే ఎక్కువ. చేనుకు నీళ్లు కట్టడానికి పోయినవాళ్లను పాము కరిచేదీ చీకట్లోనే. పురిటి నొప్పులకు వేళాపాళా ఉండదు. వీటన్నిటి నడుమ వార్డులో "సిస్టర్, బాటిల్ అయిపోయింది" అన్న పిలుపు తెల్లవార్లూ వినిపిస్తూనే ఉంటుంది.

తెల్లవారుజామున మూడు దాటాక మనిషి శరీరంలో వేడి రోజు మొత్తంలో అతి తక్కువకు దిగుతుంది. చూపు చెదురుతుంది, లెక్క తప్పుతుంది. మందు మోతాదు చూసి సిరంజిలోకి ఎక్కించాల్సిన మనిషికి ఆ వేళ దొరికే చిన్న కునుకు ఆమెకూ మేలే, మంచం మీది రోగికీ మేలే. ఈ సంగతి ఒక్కరు ఒక్కనాడు కనిపెట్టింది కాదు. వైద్యులు, మొక్కలను చూసినవాళ్లు, గుహలో కాపురం పెట్టినవాళ్లు, విమానాలు నడిపినవాళ్లు, చివరకు నర్సులు తలా కొంత తేల్చారు. విచిత్రమేమిటంటే, కునుకు మంచిదని తేల్చడం కన్నా కునుకు తీయనివ్వడమే కష్టమైంది.

వాగ్భటుడి సగం లెక్క

సుమారు 1300 ఏళ్ల కిందటే మన ఆయుర్వేదం దీని గురించి ఓ లెక్క చెప్పింది. అష్టాంగహృదయంలో వాగ్భటుడు నిద్రను ఆహారంతో సమానంగా చర్చించాడు. పగటి నిద్ర మంచిది కాదన్న ఆయనే రాత్రి మేలుకున్నవాళ్లకు మినహాయింపు ఇచ్చాడు. అలవాటు లేని జాగరణ చేసినవాడు ఎంతసేపు మేలుకున్నాడో అందులో సగంసేపు మర్నాడు పొద్దున, ఏమీ తినకముందే, పడుకోవాలన్నాడు. పన్నెండు గంటల డ్యూటీకి ఆరు గంటల నిద్రన్న మాట.

పొద్దున 8కి డ్యూటీ అప్పగించి, బస్సెక్కి ఇల్లు చేరి, పిల్లల్ని బడికి పంపి, వంట చేసే ఆడమనిషికి ఆ ఆరు గంటలు ఎక్కణ్నుంచి వస్తాయన్నది వాగ్భటుడి ముందుకు వచ్చిన ప్రశ్న కాదు. ఆయన చెప్పింది జాగారం అయ్యాక చేయాల్సిన మందు. జాగారం మధ్యలోనే మందు వేయవచ్చన్న ఆలోచన తర్వాతి కాలానిది.

మొక్క, గుహ

1729లో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్ జాక్ డోర్టూ ద మెరాన్ అత్తిపత్తి జాతి మొక్కను చీకటి అరలో పెట్టి చూశాడు. ఎండ తగలకపోయినా ఆ మొక్క పగటివేళకు ఆకులు విప్పింది, రాత్రివేళకు ముడిచింది. పొద్దు బయటే కాదు, ప్రాణి లోపల కూడా ఉంటుందనడానికి అది మొదటి జాడ. ఆ లోపలి గడియారం జన్యువుల్లో ఎలా నడుస్తుందో ఈగల మీద తేల్చిన ముగ్గురు అమెరికన్లకు, హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు, 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

మనిషి ఆ గడియారాన్ని ఒప్పించి మార్చుకోగలడా? 1938లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన నథానియల్ క్లైట్‌మన్, ఆయన విద్యార్థి బ్రూస్ రిచర్డ్‌సన్ కెంటకీలోని మామత్ గుహలోకి దిగి 32 రోజులు ఉన్నారు. పగటి వెలుతురు లేదు, పగలూ రాత్రీ తెలియవు. రోజుకు 24 గంటలు కాదు, 28 గంటలని పెట్టుకుని బతికి చూశారు. కుర్రవాడైన రిచర్డ్‌సన్ శరీరం కొత్త లెక్కకు సర్దుకుంది. నలభైల్లో ఉన్న క్లైట్‌మన్ శరీరం మాత్రం ససేమిరా అంది, పాత 24 గంటల లెక్కే పట్టుకుంది. వారం రాత్రి డ్యూటీలు వేసి, మరుసటి వారం పగటికి మార్చి, "అదే అలవాటైపోతుందిలే" అనేవాళ్లకు ఆ గుహ ఎప్పుడో జవాబు చెప్పింది. అలవాటు అందరికీ కాదు, అన్ని వయసుల్లోనూ కాదు.

నిద్రమబ్బు అనే ఇంకో చిక్కు

గడియారం మారనప్పుడు మిగిలింది ఒక్కటే దారి, పని మధ్యలో కాస్త నిద్ర. అందులోనూ ఓ ప్రమాదం ఉందని 1950, 60లలో అమెరికా వైమానిక దళం అనుభవం చెప్పింది. ఏ క్షణంలో పిలుపు వస్తుందోనని పైలట్లను విమానం దగ్గరే పడుకోబెట్టేవారు. పిలుపు రాగానే లేచి విమానం ఎక్కినవాళ్ల చేతిలో పొరపాట్లు, ప్రమాదాలు ఎక్కువయ్యాయి. కళ్లు తెరుచుకున్నా బుర్ర ఇంకా లేవలేదు. మన ఇళ్లలో నిద్రమబ్బు అనే ఆ స్థితిని శాస్త్రవేత్తలు అప్పటినుంచే కొలవడం మొదలుపెట్టారు.

దాని గుట్టు నిద్ర పొరల్లో ఉంది. పడుకున్న 20, 30 నిమిషాల వరకు సాధారణంగా పైపొర నిద్రే. ఆ తర్వాత మనిషి గాఢనిద్రలోకి దిగుతాడు. అక్కడినుంచి లేపితే మబ్బు దట్టంగా ఉంటుంది. పొరలన్నీ ఒక చుట్టు తిరిగి రావడానికి సుమారు 90 నిమిషాలు. కాబట్టి రాత్రి కునుకు అరగంట లోపైనా ఉండాలి, గంటన్నరైనా ఉండాలి. మధ్యలో లేపడమే చెడ్డది. లేచాక ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు ముఖ్యమైన పనికి చేయి పెట్టకూడదు. మొహం కడుక్కుని, వెలుతురులో నాలుగడుగులు వేసి, ఆ తర్వాతే సూది పట్టాలి.

ఇద్దరు, ఎనిమిది రాత్రులు

ఈ కథలో అసలు మలుపు ప్రయోగశాలలో కాదు, జపాన్ ఆసుపత్రి వార్డుల్లో తిరిగింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి ఆసుపత్రుల్లో రాత్రికి ఒక్క నర్సే వార్డు మొత్తం చూసుకోవడం మామూలు. నెలలో సగం రాత్రులు డ్యూటీలోనే గడిపేవాళ్లూ ఉండేవారు. ఆసుపత్రి ఉద్యోగుల సంఘం ఫిర్యాదు మీద 1965లో అక్కడి జాతీయ ఉద్యోగుల వ్యవహారాల సంస్థ ఓ తీర్పు చెప్పింది. ఒంటరి రాత్రి డ్యూటీ పోవాలి, ఒక్కొక్కరికి నెలకు సగటున ఎనిమిది రాత్రులు మించకూడదు. తీర్పైతే వచ్చింది గానీ అమలు రాలేదు.

1968లో నీగాతా రాష్ట్ర ఆసుపత్రుల నర్సులు సమ్మె కట్టి వార్డులు ఖాళీ చేయలేదు. డ్యూటీ చార్టు తామే రాసుకున్నారు. రాత్రికి ఇద్దరు, నెలకు ఎనిమిది రాత్రులు. ఆ చార్టు ప్రకారమే పనికి వచ్చారు, దానికి మించి రామన్నారు. మనుషులు చాలకపోతే వేసుకోవాల్సింది ప్రభుత్వమేనన్నారు. రెండు, ఎనిమిది అనే అంకెలను కలిపి జపాన్ భాషలో 'నిప్పాచీ' పోరాటం అన్నారు. అది దేశమంతా పాకింది.

కునుకు మాట ఆ డిమాండులో ముందు వరసలో లేదు. కానీ కునుకుకు తలుపు తీసింది అదే. వార్డులో రెండో మనిషి ఉన్నప్పుడే మొదటి మనిషి కన్ను మూయగలదు. 1972లో వచ్చిన జపాన్ పనిస్థలాల భద్రత, ఆరోగ్య నియమాల్లో కునుకు గది లెక్కకొచ్చింది. రాత్రి పని మధ్యలో కునుకు తీసే వీలున్న చోట మగవాళ్లకూ ఆడవాళ్లకూ వేర్వేరు చోటు చూపాలి, పరుపు, దోమతెర ఇవ్వాలి అని అందులో ఉంది. చట్టం దోమతెర దాకా ఆలోచించిందంటే, రాసినవాళ్లు రాత్రి డ్యూటీ ఎరిగినవాళ్లే అయి ఉండాలి.

పాలమూరు రైతుకు ఈ సూత్రం కొత్తేమీ కాదు. రాత్రి కరెంటు వచ్చే రోజుల్లో మోటారు దగ్గర అన్నదమ్ములు వంతులేసుకునేవారు. ఒకడు గట్టు మీద నడుం వాలిస్తే ఒకడు మడవ చూసేవాడు. ఒంటరివాడికి ఆ వెసులుబాటు లేదు, ఉన్నదల్లా జాగారమే.

26 నిమిషాలు

1980ల చివర్లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తరఫున మార్క్ రోజ్‌కైండ్, ఆయన సహచరులు పసిఫిక్ మహాసముద్రం దాటే బోయింగ్ 747 విమానాల సిబ్బంది మీద ఓ పరీక్ష చేశారు. కొందరికి విమానం ఎగురుతుండగానే వంతులవారీగా 40 నిమిషాల కునుకు అవకాశం ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. అవకాశం వచ్చినవాళ్లు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. విమానం కిందికి దిగే కీలక ఘడియల్లో అవకాశం రానివాళ్ల మెదడు తెలియకుండానే క్షణకాలం నిద్రలోకి జారిన సందర్భాలు 22 నమోదయ్యాయి. కునుకు తీసినవాళ్లలో ఒక్కటీ లేదు. నివేదిక 1994లో వచ్చింది. ఇందులోనూ షరతు ఒకటే, ఒకరు పడుకుంటే మిగతావాళ్లు మేలుకుని విమానం నడపాలి.

ఆ నివేదిక ఆధారంగా చాలా దేశాలు పైలట్లకు నియమబద్ధమైన కునుకును అనుమతించాయి. పరీక్ష చేసిన అమెరికా మాత్రం తన విమానాల్లో దానికి ఒప్పుకోలేదు. పైలట్ నిద్రపోతున్నాడంటే ప్రయాణికులు ఏమంటారోనన్న జంకు, 'డ్యూటీలో నర్సు నిద్రపోతోంది' అని ఫోనులో వీడియో తీసే మన కాలపు జంకు ఒక తానులోని గుడ్డలే.

వార్డులో పరీక్ష

నర్సుల దాకా ఈ పరీక్ష రావడానికి ఇంకో పదేళ్లకు పైగా పట్టింది. 2006లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన రెబెకా స్మిత్ కాగిన్స్ బృందం ఎమర్జెన్సీ విభాగంలో పన్నెండు గంటల రాత్రి డ్యూటీ చేసే 49 మంది వైద్యులు, నర్సులపై జరిపిన అధ్యయనం వెలువరించింది. కొందరికి తెల్లవారుజాము 3 గంటలకు 40 నిమిషాల కునుకు అవకాశం ఇచ్చారు. పొద్దున ఏడున్నరకు చూస్తే కునుకు తీసినవాళ్ల ఏకాగ్రతలో జారుళ్లు తక్కువ, అలసట తక్కువ. అయితే లేచిన వెంటనే పెట్టిన జ్ఞాపకశక్తి పరీక్షలో వాళ్లే వెనకబడ్డారు. నిద్రమబ్బు మళ్లీ తన లెక్క చూపించింది.

ఇంత తేలాక ఆసుపత్రులు వరసకట్టి కునుకు గదులు తెరిచి ఉండాలి. అలా జరగలేదు. అమెరికాలోనే జీన్ గైగర్ బ్రౌన్ అనే నర్సింగ్ పరిశోధకురాలి బృందం రెండు ఆసుపత్రుల్లోని ఆరు విభాగాల్లో అరగంట కునుకును అమల్లో పెట్టబోయింది. 2016లో వచ్చిన ఫలితం ప్రకారం అది నిలదొక్కుకున్నది ఒక్క విభాగంలోనే. మిగతా చోట్ల పైవాళ్లు ఒప్పుకోలేదు, లేదా కునుకుకు వెళ్లినవాళ్ల రోగుల్ని చూసేందుకు మనుషులు మిగల్లేదు. నిలిచిన ఆ ఒక్కచోట నర్సులు కునుకును బాగా వాడుకున్నారు, ఇంటికి పోయేటప్పుడు మగతగా లేదన్నారు.

బ్రెజిల్‌లో ఇదే పని కాగితం మీదకు ఎక్కకుండా నడుస్తోంది. రియో ద జనీరో ప్రభుత్వ ఆసుపత్రుల్లో పన్నెండు గంటల రాత్రి డ్యూటీ చేసే నర్సులు తమలో తాము వంతులేసుకుని పడుకుంటారు. లూసియా రోటెన్‌బర్గ్ వంటి పరిశోధకులు దాన్ని చూసి గమనించిన సంగతి మన ఇళ్లకూ సరిపోతుంది. నర్సు ఆ కునుకును రాత్రి పని కోసమే కాదు, తెల్లారితే ఇంటి దగ్గర మొదలయ్యే రెండో పని కోసం కూడా దాచుకుంటుంది.

2023లో హిరోషిమా విశ్వవిద్యాలయానికి చెందిన సనాయే ఒరియామా ఇంకో అడుగు ముందుకు వేశారు. జపాన్‌లో ఇప్పుడు చాలాచోట్ల సాయంత్రం మొదలై పొద్దున ముగిసే 16 గంటల రాత్రి డ్యూటీ ఉంది. అందులో రెండు గంటల కునుకును ఒకేసారి అర్ధరాత్రికి ముగించడం కన్నా, 90 నిమిషాలు ఒకసారి, తెల్లవారుజామున 3కి ముగిసేలా 30 నిమిషాలు ఇంకోసారి తీస్తే తెల్లారేదాకా మెలకువ, చురుకు బాగా నిలుస్తాయని ఆమె చూపించారు.

కునుకు చేయలేని పని

రాత్రి డ్యూటీ కీడు ఆ రాత్రితో పోదు. అమెరికాలో 1976లో 1,21,700 మంది నర్సులతో మొదలైన నర్సుల ఆరోగ్య అధ్యయనం రాత్రి డ్యూటీల గురించి 1988లో అడిగింది. ముప్పై ఏళ్లు, అంతకన్నా ఎక్కువ కాలం మారుతూ వచ్చే రాత్రి డ్యూటీలు చేసినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ ముప్పు 36 శాతం ఎక్కువని 2001లో ఈవా షెర్న్‌హామర్ బృందం చెప్పింది. మధుమేహం, గుండెజబ్బుల ముప్పు గురించీ ఆ అధ్యయనం నుంచే తర్వాత పత్రాలు వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనూ, తిరిగి 2019లోనూ రాత్రి పనిని 'బహుశా క్యాన్సర్ కారకం' అనే జాబితాలో పెట్టింది. ముప్పు కనిపించని పెద్ద అధ్యయనాలూ ఉన్నాయి. 'బహుశా' అన్న మాట అందుకే నిలిచింది.

ఇక్కడ కునుకును నెత్తికెత్తుకోవడం తగదు. అరగంట కునుకు ఆ రాత్రి పొరపాటును, తెల్లారి బండి మీద ఇంటికి పోయేటప్పటి ప్రమాదాన్ని తగ్గిస్తుంది. 2017లో బ్రిటన్‌లో మత్తు వైద్యంలో శిక్షణ పొందుతున్న డాక్టర్లను అడిగితే, సగానికి పైగా రాత్రి డ్యూటీ తర్వాత ఇంటిదారిలో ప్రమాదానికి గురైనవాళ్లో, త్రుటిలో తప్పించుకున్నవాళ్లో ఉన్నారు. ఆ కీడుకు కునుకు మందే. ముప్పై ఏళ్ల రాత్రుల కీడుకు మాత్రం రాత్రులు తగ్గించడమే మందు. నిప్పాచీలో ఎనిమిది అన్న అంకె విలువ అక్కడుంది.

తప్పా, అవసరమా

మన దేశంలో కునుకు ఇంకా మెమో ఇచ్చే తప్పుగానే ఉంది. అయితే కోర్టుల్లో గాలి మారుతోంది. 2012లో రాంలీలా మైదానం కేసులో సుప్రీంకోర్టు నిద్రను జీవించే హక్కులో భాగంగా చూసింది. గద్వాల పక్కనే ఉన్న రాయచూరు ప్రాంతంలో బస్సులు నడిపే కల్యాణ కర్ణాటక రోడ్డు రవాణా సంస్థలో, డ్యూటీలో నిద్రపోయాడని ఓ కానిస్టేబుల్‌ను సస్పెండ్ చేశారు. 2025 ఫిబ్రవరిలో కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తి ఎం.నాగప్రసన్న ఆ ఉత్తర్వు కొట్టేశారు. రెండు నెలల పాటు రోజుకు రెండు షిఫ్టులు, 16 గంటలు చేయించి, కునికితే శిక్షించడం చెల్లదన్నారు. ఒక్క షిఫ్టే చేస్తూ నిద్రపోతే అది తప్పేనని కూడా అన్నారు. తప్పు కునుకులో లేదు, డ్యూటీ చార్టులో ఉందన్నదే ఆ తీర్పు సారం.

నిద్రకు చోటు కూడా కావాలి. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీకర్ ఆసుపత్రిలో సుదీర్ఘ డ్యూటీ నడుమ సెమినార్ హాల్లో నడుం వాల్చిన వైద్యురాలికి జరిగిన ఘోరం తర్వాత, రాత్రి డ్యూటీ చేసేవాళ్లకు సరైన విశ్రాంతి గదులు లేవని, ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరు గదులు లేవని సుప్రీంకోర్టు తన ఉత్తర్వులోనే రాసింది. లోపల గడియ ఉన్న గది దొరకనప్పుడు కుర్చీలో తల వాల్చడమే మిగులుతుంది.

మూడు ఊళ్ల లెక్క

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాలు వేరుపడ్డాయి. 2022 నవంబరు 15న వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి, గద్వాలకు 2024లో వచ్చింది. అంటే మూడు ఊళ్లలోనూ బోధనాసుపత్రులు ఉన్నాయి. వాటికి భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ఉంది. మామూలు వార్డుల్లో 3 పడకలకు ఒక నర్సు, లేదా ప్రతి షిఫ్టులోనూ 9 పడకలకు ఒకరు, సెలవుల కోసం ఆ పైన 30 శాతం అదనం.

30 పడకల వార్డు తీసుకుందాం. ప్రమాణం ప్రకారం పది మంది నర్సులు, సెలవుల నిల్వ ముగ్గురు, మొత్తం 13 మంది. నెలకు 30 రాత్రులు, రాత్రికి ముగ్గురైతే 90 డ్యూటీలు. పదమూడు మందికి పంచితే ఒక్కొక్కరికి ఏడు రాత్రులు. జపాన్ నర్సులు పోరాడి తెచ్చుకున్న ఎనిమిది కన్నా తక్కువే. పైగా రాత్రికి ముగ్గురు ఉంటారు కాబట్టి 1 నుంచి 4 గంటల మధ్య ఒక్కొక్కరు 40 నిమిషాలు కునుకుకు పోయినా వార్డులో ఎప్పుడూ ఇద్దరు మేలుకునే ఉంటారు. ఒక్కొక్కరికి పోయేది 720 నిమిషాల్లో పద్దెనిమిదో వంతు.

ఇప్పుడు అదే వార్డులో సగం పోస్టులు ఖాళీ అనుకోండి. ఆరుగురితో రాత్రికి ముగ్గుర్ని వేస్తే తలా 15 రాత్రులు. ఆ భారం మోయించలేక రాత్రికి ఒక్కరినే వేస్తారు. ఒక్కరే ఉన్నచోట కునుకు అనుమతించడం రోగిని గాలికొదలడమే, అనుమతించకపోవడం నర్సును గాలికొదలడమే. ఏ ఆసుపత్రి సూపరింటెండెంటూ ఆ రెంటిలో మంచిదాన్ని ఎంచలేరు.

2024 జనవరిలో తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వం ఒకేసారి సుమారు 7 వేల మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చింది. పోస్టులు నిండిన వార్డుల్లో ఇక మిగిలిన ఖర్చు చిన్నది. లోపల గడియ, దోమతెర, అలారం ఉన్న ఓ గది. తన రోగుల్ని రెండో నర్సుకు చెప్పి అప్పగించే ఐదు నిమిషాలు. లేచాక మబ్బు వదిలేదాకా సూది పట్టకూడదన్న నియమం. డ్యూటీ చార్టులో ఎవరు ఎప్పుడు పడుకుంటారో, అప్పుడు వాళ్ల రోగుల్ని ఎవరు చూస్తారో రాసే ఒక గడి. ఆ గడిలో రెండో పేరు రాయగలిగిన వార్డుల్లో ఈ నెల నుంచే మొదలుపెట్టవచ్చు. రాయలేని వార్డుల్లో ఆ ఖాళీ గడే పోస్టుల కోసం పైకి పంపే అర్జీకి సాక్ష్యం.